"అలాంటి పిల్లలు" ఉన్న బడిలో మా బాబును వేయొచ్చా?

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మేం కూకట్‌పల్లిలో ఉంటాం. ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. బాబుకు మూడేళ్ల రెండు నెలలు. జూన్‌లో బడిలో వేయాలి. మా వీధి చివర ఒక ట్రస్టు వాళ్ల ప్రీస్కూల్ ఉంది. చుట్టుపక్కల ప్లేస్కూళ్లతో పోలిస్తే ఫీజు సగం కూడా లేదు. వెళ్లి చూశాం. క్లాసులో పదహారు మంది ఉన్నారు, వాళ్లలో నలుగురు ప్రత్యేక అవసరాలున్న పిల్లలు. ఒక పాప వీల్‌చైర్‌లో ఉంది. ఒక బాబు చెవులు మూసుకుని మూలన కూర్చున్నాడు. అందరినీ కలిపే కూర్చోబెడతామన్నారు. పుస్తకాల్లేవు, ఏబీసీడీలు రాయించరు, హోంవర్క్ లేదు. మేం వెళ్లేసరికి పిల్లలు టబ్బులో నీళ్లు పోసుకుంటూ, చిక్కుడు గింజలు ఏరుకుంటూ ఉన్నారు. "వాళ్లను చూసి మనవాడూ అలాగే అవుతాడు" అని మా అత్తగారి భయం. "లాభం లేకుండా ఎవరు నడుపుతారు, ఏదో ఉండే ఉంటుంది" అని మా ఆయన అనుమానం. మా కొలీగ్ వాళ్ల పాప ఇదే వయసులో వంద దాకా అంకెలు రాస్తోంది. నాకు టెన్షన్‌గా ఉంది. కానీ ఆ టీచర్లు మాత్రం నాకు నచ్చారు. ఏం చేయమంటారు? ఇంకో మాట. మావాడు ఇంకా వాక్యాలు మాట్లాడడు, ఒక్కో మాటే అంటాడు. వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయట, అందుకని దాని గురించి పెద్దగా బెంగ పెట్టుకోలేదు.
పేరు వద్దన్న ఒక అమ్మ, హైదరాబాద్

సమాధానం:

అమ్మా,

మీరు "ఇంకో మాట" అంటూ చివర్లో రాసిందే నేను ముందు తీసుకుంటాను. బడి సంగతి జూన్ దాకా ఆగుతుంది. ఇది ఆగకూడదు.

మామూలుగా రెండేళ్లు వచ్చేసరికి పిల్లలు రెండు మాటలు కలపడం మొదలుపెడతారు. "నాన్న ఆఫీసు", "పాలు వద్దు" లాంటివి. మూడేళ్లకు మూడు నాలుగు మాటల వాక్యాలు వస్తాయి, ఇంట్లోవాళ్లకే కాక కొత్తవాళ్లకు కూడా చాలావరకు అర్థమవుతాయి. మీవాడు ఒక్కో మాట దగ్గరే ఉన్నాడంటే చూపించాల్సిన విషయమే. వాళ్ల నాన్న ఆలస్యంగా మాట్లాడి ఉండొచ్చు, కాదనను. ఆలస్యంగా మొదలుపెట్టి, తర్వాత నోరు మూయమన్నా మూయని పిల్లల్ని నేనే ఎంతోమందిని చూశాను. కానీ మీవాడు ఆ కోవలోకి వస్తాడో లేదో ఇంట్లో కూర్చుని తేల్చలేం కదా.

మొట్టమొదట చేయించాల్సింది వినికిడి పరీక్ష. "పిలిస్తే పలుకుతాడండీ, టీవీ పెడితే పరిగెత్తుకొస్తాడు" అంటారు అందరూ. కొద్దిగా వినికిడి తగ్గిన పిల్లలు కూడా గిన్నె కింద పడితే తిరిగి చూస్తారు. వాళ్లకు చప్పుడు వినబడుతుంది, మాటలోని అక్షరాలు విడివిడిగా వినబడవు. తరచూ జలుబు చేసే పిల్లలకు మధ్యచెవిలో నీరు చేరి కూడా ఇలా అవుతుంది. మీకు దగ్గరలోనే, సికింద్రాబాద్‌లో బోయిన్‌పల్లి వైపు ఉన్న మనోవికాస్‌నగర్‌లో, వాక్కు, వినికిడి సమస్యల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్కడే మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో మొదలైన జాతీయ సంస్థ కూడా ఉంది. దాన్ని ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. 2021లో అందులో ఆరేళ్ల లోపు పిల్లల్లో ఎదుగుదల తేడాలను తొందరగా గుర్తించి సాయం చేయడానికి ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్ తెరిచారు. రెండూ కేంద్ర ప్రభుత్వానివే. జిల్లాల్లో ఉండి ఇది చదువుతున్నవాళ్లు జిల్లా ప్రభుత్వాసుపత్రిలో డీఈఐసీ, అంటే జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్, ఎక్కడుందో అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వచ్చిన కేంద్రాలవి. ఎదుగుదలలో తేడాలను అక్కడ ఉచితంగా చూస్తారు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఎవరైనా మీకు "ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లిష్ వల్ల కన్‌ఫ్యూజ్ అవుతున్నాడు, ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడండి" అని సలహా ఇస్తే పట్టించుకోకండి. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకు మాటలు ఆగిపోవు. మీ అత్తగారు తెలుగులో రోజంతా వాడితో కబుర్లు చెప్పడం కంటే మంచి మందు మన చేతుల్లో లేదు. ఫోన్ మాత్రం తీసి బీరువాలో పెట్టండి.

నేను డాక్టర్ని కాదు. పాతికేళ్లు చిన్నపిల్లల బళ్లలో పనిచేసిన టీచర్ని, అంతే. మీ బాబుకు ఏదో ఉందని నేను అనడం లేదు. కానీ మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు ఒకటి అనిపించింది. మీరు ఆ పదహారు మందిని "నలుగురు, మిగతా పన్నెండు మంది" అని లెక్కపెట్టారు. బడిలో టీచర్లం అలా లెక్కపెట్టలేం. ఆ పన్నెండు మందిలో ఒకడికి మాటలు ఆలస్యం, ఒకమ్మాయికి చెల్లెలు పుట్టాక మళ్లీ పక్క తడపడం మొదలైంది, ఇంకొకడు తల్లి కొంగు వదిలితే గంటసేపు ఏడుస్తాడు. మూడేళ్ల వయసులో అవసరం లేని పిల్లాడు ఎవరూ ఉండరు.

ఇప్పుడు మీ అత్తగారి మాటకొద్దాం. ఆవిడ భయాన్ని తీసిపారేయకండి. మనవడు చూసి నేర్చుకుంటాడన్నది నిజమే, మూడేళ్ల పిల్లలు చేసే పనే అది. తాతగారు దగ్గితే దగ్గుతారు, పనమ్మాయి చీపురు పట్టుకున్నట్టు పట్టుకుంటారు. నా క్లాసులో ఒక బాబు సంతోషమొస్తే చేతులు గాల్లో ఆడించేవాడు. వాడి పక్కన కూర్చునే ఇంకో బాబు కూడా వారం రోజులు అలాగే చేతులు ఆడించాడు. వాళ్లమ్మ కంగారుపడి వచ్చింది. ఆ తర్వాతి సోమవారానికి మానేశాడు. ఎందుకంటే వాడి మనసు అప్పటికి కుంటుతూ నడవడం మీదికి మళ్లింది. వాళ్ల బాబాయి కాలికి కట్టుతో ఇంటికొచ్చాడు మరి! అనుకరించి వదిలేయడం వేరు, ఎదుగుదలలో తేడా ఉండటం వేరు. డౌన్ సిండ్రోమ్ 21వ క్రోమోజోమ్ ఒకటి ఎక్కువ ఉండటం వల్ల వస్తుంది. కాళ్లూ చేతుల కదలికను ఇబ్బందిపెట్టే సెరిబ్రల్ పాల్సీ పుట్టకముందో, పుట్టేటప్పుడో, పుట్టిన కొత్తలోనో మెదడు దెబ్బతినడం వల్ల వస్తుంది. పక్కన కూర్చుంటే అంటుకునేవి కావివి. ఆటిజం కూడా అంతే.

ఇక కొరకడం, తోయడం, బొమ్మ లాక్కోవడం అంటారా, అవి ఏ ప్లేస్కూల్లోనైనా నేర్చుకుంటాడు. ఎక్కువ ఫీజు కట్టిన చోట ఇంకా బాగా నేర్చుకుంటాడేమో కూడా.

మరి అలాంటి క్లాసులో ఏం నేర్చుకుంటాడు? ఒకటి చెబుతాను. నేను చివరి పదేళ్లు పనిచేసిన బడి కూడా మీరు చూసినలాంటిదే. మాటలు రాని ఒక పాప కోసం అరచేతి సైజు కార్డుల మీద బొమ్మలు గీసి పెట్టాం. నీళ్ల గ్లాసు, బాత్రూమ్, ఇల్లు, "ఇక చాలు" అన్నట్టు అడ్డంగా పెట్టిన చెయ్యి. పాప కార్డు తెచ్చి మా చేతిలో పెడితే అది అడిగినట్టు. నెల తిరక్కుండానే మిగతా పిల్లలు ఆ కార్డులు వాడటం మొదలుపెట్టారు. మామూలప్పుడు వాళ్లకు కార్డులతో పనిలేదు, నోరుంది. కానీ కోపమొచ్చి, ఏడుపొచ్చి, గొంతు పూడుకుపోయినప్పుడు మాట రాదు కదా. అప్పుడు "ఇక చాలు" కార్డు తెచ్చి ఇచ్చేవారు. అంతకుముందు అదే కోపంలో పక్కవాణ్ణి కొట్టేవాళ్లు. ఒక్క పాప కోసం గీసిన బొమ్మలు ఇరవై మందికి పనికొచ్చాయి.

మీరు చూసిన గదిని గుర్తు చేసుకోండి. గోడమీద బొమ్మల టైంటేబుల్ ఉందా? ముందు పాట, తర్వాత నీళ్లాట, తర్వాత చేతులు కడుక్కోవడం, తినడం అని వరసగా. ఒక పని అయ్యాక దాని బొమ్మ తీసేస్తారు. తర్వాత ఏం జరగబోతోందో తెలియకపోతే బెంబేలెత్తే పిల్లల కోసం పెట్టింది అది. కానీ మొదటిసారి ఇల్లు వదిలి వచ్చిన ఏ పిల్లాడికైనా "అమ్మ ఎప్పుడొస్తుంది" అన్నదానికి అంతకంటే మంచి జవాబు ఉండదు. "అన్నం బొమ్మ తర్వాత అమ్మ బొమ్మ" అని వేలుపెట్టి చూపిస్తారు. మూలన చెవులు మూసుకున్న బాబు అల్లరి చేయడం లేదు, శిక్షలో లేడు. చప్పుడు వాడికి మనకంటే ఎక్కువగా తగులుతుంది. ఆ మూలలో ఒక దిండు, ఒక దుప్పటి ఉన్నాయా? ఉంటే అది టీచర్లు ఆలోచించి పెట్టిన మూల. ఏడుపొచ్చిన పిల్లలంతా అక్కడికే వెళ్తారు. మా బళ్లో ఆ మూలకు మేం పేరు పెట్టలేదు, పిల్లలే "దాక్కునే చోటు" అని పెట్టారు.

ఇదేదో ఈమధ్య వచ్చిన ఫ్యాషన్ అనుకోకండి. హైదరాబాద్‌లో సందుకో మాంటిస్సోరి బోర్డు కనబడుతుంది కదా. ఆ మరియా మాంటిస్సోరి రోమ్‌లో డాక్టర్. ఆవిడ మొదట పనిచేసింది, అప్పట్లో చదువు రాదని పక్కనపెట్టేసిన మేధో వైకల్యం ఉన్న పిల్లలతో. వాళ్ల చేత పట్టించి, తడిమించి, అమర్చించి నేర్పడానికి సామాన్లు తయారుచేసుకుంది. తర్వాతే, 1907లో, రోమ్‌లోని శాన్ లొరెంజో పేదల వాడలో మామూలు పిల్లల కోసం బడి తెరిచి అదే పద్ధతి వాడింది. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన టీచర్లకు కూడా నేర్పింది. ఇవాళ వేలకు వేలు ఫీజు తీసుకుని పిల్లల ముందు పెడుతున్న ఆ చెక్క దిమ్మలు, గరుకు అక్షరాలు ఎవరి కోసం ఆలోచించగా పుట్టాయో బోర్డు పెట్టినవాళ్లకు ఎందరికి తెలుసో మరి.

మీ కొలీగ్ వాళ్ల పాప వంద దాకా రాస్తోందన్నారు. సంతోషం. కానీ ఈసారి కలిసినప్పుడు బల్లమీద ఏడు ద్రాక్షపళ్లు పెట్టి "నాలుగు తియ్యి" అని అడిగి చూడండి. అంకె గీయడం ఒకటి, లెక్క తెలియడం ఒకటి. ఆ పాపకు రెండూ వచ్చి ఉంటే ఇంకా సంతోషం.

మనిషి మణికట్టులో చిన్న చిన్న ఎముకలు ఎనిమిది ఉంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థి. ఒక్కొక్కటీ ఏళ్ల తరబడి గట్టిపడుతూ వస్తాయి. మూడేళ్ల పిల్లాడికి వాటిలో కొన్నే ఎముకలుగా మారి ఉంటాయి. ఆ చేతికి పెన్సిలిచ్చి నాలుగు గీతల కాపీ పుస్తకం ముందు కూర్చోబెడితే పిడికిలి బిగించి పట్టుకుంటాడు, భుజమంతా ఊపి రాస్తాడు, పది నిమిషాల్లో విసుగెత్తి పేజీ చింపుతాడు. అదే చేత్తో చిక్కుడు గింజలు ఏరితే, పిండి ముద్ద పిసికితే, బట్టల క్లిప్పులు తీసి పెడితే బొటనవేలు, చూపుడువేలు కలిసి పనిచేయడం అలవాటవుతుంది. రేపు పెన్సిల్ పట్టేది ఆ రెండు వేళ్లే. మన పెద్దవాళ్లకు ఇది తెలిసో తెలియకో, అక్షరాభ్యాసం పలకమీదే కాకుండా పళ్లెంలో బియ్యం పోసి వేలితో దిద్దించారు.

నీళ్ల టబ్బు దగ్గర పిల్లలు ఏం చేస్తున్నారో ఈసారి వెళ్తే పది నిమిషాలు నిలబడి చూడండి. సన్నగా పొడుగ్గా ఉన్న సీసాలోని నీళ్లు వెడల్పు గిన్నెలో పోస్తారు. "తగ్గిపోయాయి" అంటారు. మళ్లీ సీసాలో పోస్తారు. "వచ్చేశాయి!" ఎక్కువ, తక్కువ, నిండా, సగం, ఇంకొంచెం, ఒలికింది, మునిగింది, తేలింది. ఒక్క టబ్బు చుట్టూ ఎన్ని మాటలున్నాయో! మాటలు రావాల్సిన మీ బాబుకు, రైమ్ బట్టీ పట్టించడం కంటే ఆ టబ్బు దగ్గర "పొయ్యి", "ఇంకా పొయ్యి", "నాకు పొయ్యి" అనే అవసరం ఎక్కువ లాభం. పాట వల్లిస్తే పాట వస్తుంది. కావాల్సింది అడిగితే మాట వస్తుంది. వీల్‌చైర్‌లో ఉన్న పాపకు టబ్బు అందేలా బల్ల ఎత్తు పెట్టారో లేదో కూడా అప్పుడే చూడండి. కింద నేలమీద పెట్టి ఆ పాపను పక్కన ప్రేక్షకురాలిలా ఉంచితే వాళ్లు కలిపి కూర్చోబెట్టినట్టు కాదు.

ప్రభుత్వం కూడా ఇప్పుడు ఇదే చెబుతోంది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అంది. దాన్ని ఆధారం చేసుకుని 2022 అక్టోబరులో వచ్చిన పాఠ్య ప్రణాళిక చట్రం, ఆరేళ్ల లోపు పిల్లలకు పాఠ్యపుస్తకాలు పెట్టనక్కర్లేదు, ఆటే పద్ధతి అని రాసింది. "మరి రేపు పెద్ద స్కూల్లో అడ్మిషన్ టెస్టులో రాయమంటే?" అంటారు, నాకు తెలుసు. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం అడ్మిషన్ కోసం పిల్లలకు గానీ, తల్లిదండ్రులకు గానీ పరీక్షలు పెట్టకూడదు. పెడుతున్నారు, అదీ నాకు తెలుసు. కానీ మూడేళ్ల పిల్లాడి రెండేళ్లను, వాళ్లు చట్టవిరుద్ధంగా పెట్టే అరగంట పరీక్షకు ట్రైనింగుగా మార్చేస్తారా అన్నది మీరు, మీవారు కూర్చుని మాట్లాడుకోండి.

ఇంతవరకు చదివి, నేను ఆ బడికి ఓటేసేశాననుకోకండి. కలిపి చదివిస్తాం అన్న బోర్డు చూసి మోసపోయినదాన్ని నేను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బడిలో పనిచేశాను. పేరు చెప్పను. అక్కడ అందరినీ చేర్చుకునేవారు. ముప్పై అయిదు మంది పిల్లలు, ఒక టీచరు, ఒక ఆయా. టీచర్ని నేను. ఒక బాబు ఒక్క నిమిషం కూర్చోలేకపోయేవాడు, గేటు వైపు పరిగెత్తేవాడు. బయట రోడ్డు. ఆయా ఏం చేసేదంటే, తన చున్నీతో వాణ్ణి కుర్చీకి కట్టేది. "మరి బండి కింద పడితే?" అనేది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. నేను రెండు నెలలు అది చూస్తూ, ఏమీ అనకుండా పాట పాడించాను. తర్వాత మానేసి వచ్చాను. మానేయడం పెద్ద గొప్ప కాదు, ఆ బాబు అక్కడే ఉన్నాడు కదా. అప్పటినుంచి ఏ బడికెళ్లినా నేను మొదట పిల్లల్ని లెక్కపెట్టను, పెద్దవాళ్లను లెక్కపెడతాను.

మీరూ అదే చేయండి. పదహారు మంది పిల్లలకు గదిలో ఎంతమంది పెద్దవాళ్లున్నారో మీరు రాయలేదు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఇరవై మందికి ఒకరైనా ఉండాలని 2013 నాటి జాతీయ బాల్య సంరక్షణ, విద్యా విధానం అంటుంది. నన్నడిగితే అది మామూలు క్లాసుకే చాలదు. ఎక్కువ సాయం కావాల్సిన నలుగురున్న గదిలో ముగ్గురైనా ఉండాలి, వాళ్లలో ఒకరు స్పెషల్ ఎడ్యుకేటర్, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పడంలో శిక్షణ పొందిన టీచర్, అయి ఉండాలి. స్పెషల్ ఎడ్యుకేటర్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరుంటుంది. ఆర్‌సీఐ నంబరు అంటారు. అడగండి, మొహమాటం వద్దు. స్పీచ్ థెరపిస్టు వస్తారా, వారానికి ఎన్నిసార్లు, పిల్లాణ్ణి వేరే గదికి తీసుకెళ్తారా లేక క్లాసులోనే ఆటలో కలిసి చేయిస్తారా అని కూడా అడగండి. రెండోది మేలు. మీ బాబుకు అవసరం పడితే ఆ జవాబు మీకే ఉపయోగం.

ఒక గంట కూర్చోనివ్వమనండి. చెప్పకుండా వెళ్లొద్దు, కానీ "మామూలు రోజు" చూస్తామనండి. నేనైతే మూలన ఉన్న ఆ బాబు మీద ఒక కన్నేసి ఉంచుతాను. గంటలో ఎవరైనా వాడి దగ్గరికి వెళ్లారా? ఆటలోకి రమ్మని పిలిచారా, రానంటే బొమ్మొకటి వాడి దగ్గర పెట్టి వచ్చారా, లేక గంటంతా వాడి మానాన వదిలేశారా? టీచర్ వాడి గురించి మీకు ఎలా చెప్పింది, పేరుతోనా, జబ్బు పేరుతోనా? ఒకవేళ మీరు అడిగీ అడక్కముందే "ఆ బాబుకు ఫలానా అండీ, వాళ్లమ్మ ఇలా అండీ" అని చెప్పేస్తే అది మంచి లక్షణం కాదు. రేపు మీ బాబు సంగతి ఇంకో తల్లికి అలాగే చెబుతారు. బాత్రూమ్ చూడండి. వీల్‌చైర్ లోపలికి వెళ్తుందా? ఎవరైనా కొరికితే రెండు ఇళ్లకూ ఎలా చెబుతారని అడగండి. "మా దగ్గర కొరకరు" అంటే నమ్మకండి.

మీవారి అనుమానం నాకు నచ్చింది. డబ్బు సంగతి అడగాల్సిందే. లాభాపేక్ష లేదంటే డబ్బు అక్కర్లేదని కాదు, మిగిలిన డబ్బు ఎవరి జేబులోకీ పోకుండా మళ్లీ బడికే పెట్టాలని అర్థం. ఇలాంటివి సాధారణంగా ట్రస్టుగానో, సొసైటీగానో, లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీగానో రిజిస్టరై ఉంటాయి. ఫీజు కొంత, విరాళాలు కొంత, కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ నిధులు కొంత కలిపి నడుస్తాయి. ఇచ్చుకోగలిగినవాళ్ల దగ్గర పూర్తి ఫీజు తీసుకుని, లేనివాళ్లకు తగ్గించే చోట్లూ ఉన్నాయి. వార్షిక నివేదిక, ఆడిట్ లెక్కలు చూపించమంటే చూపించాలి. ఆదాయపు పన్ను శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ ఉందేమో అడగొచ్చు. స్వచ్ఛంద సంస్థల వివరాలుండే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్లో నమోదై ఉంటే వివరాలు మీవారే ఫోన్లో చూసుకోవచ్చు.

కానీ నా భయం వేరు. వాళ్లు డబ్బు తినేస్తారని కాదు, డబ్బు అయిపోతుందని. ఇలాంటి బళ్లలో టీచర్ల జీతాలు తక్కువ. ఒక కంపెనీ ఇచ్చే నిధి ఆగిపోతే ముందు పోయేది థెరపిస్టు, తర్వాత మంచి టీచరు. అందుకే "మీరు ఇక్కడ ఎన్నేళ్లుగా ఉన్నారమ్మా" అని టీచర్లను విడివిడిగా అడగండి. అందరూ ఆరు నెలల కిందటే చేరినవాళ్లయితే ఆలోచించండి. ఇంకొకటి, పిల్లల్ని దాతల ముందు వరసలో నిలబెట్టి, వీల్‌చైర్ పాపను మధ్యలో పెట్టి ఫొటోలు తీసి గోడకు తగిలించారేమో చూడండి. అలాంటి ఫొటో కనబడితే నేనైతే మెట్లు దిగి వచ్చేస్తాను.

ఆ నలుగురి తల్లిదండ్రుల వైపు నుంచి కూడా ఒక్క మాట. విద్యాహక్కు చట్టం ఉచిత చదువు హక్కును ఆరేళ్ల నుంచి లెక్కపెడుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇచ్చే ఉచిత విద్య కూడా ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకే. ఆరేళ్ల లోపు ఉన్నవి అంగన్‌వాడీలు, ఇలాంటి ట్రస్టు బళ్లు. అంగన్‌వాడీలకు 2023లో దివ్యాంగ బాలల కోసం కేంద్రం ఒక ప్రొటోకాల్ ఇచ్చింది, మంచిదే. కానీ పోషణ రిజిస్టర్లు, సర్వేలు, యాప్‌లో ఎంట్రీలు అన్నీ చూసుకునే ఆ ఒక్క టీచరు మీద ఇంకో బరువు. ప్రైవేటు ప్లేస్కూలుకు వెళ్తే "మా దగ్గర సీట్లు లేవండీ" అంటారు, పిల్లాణ్ణి చూశాకే సీట్లు అయిపోతాయి. మెదడు అంత వేగంగా ఎదిగే ఆ మూడేళ్లే వాళ్లకు తలుపులు మూసి ఉంటాయి. మీ వీధి చివర ఆ బడికి వాళ్లు ఎంతెంత దూరం నుంచి రెండు బస్సులు మారి వస్తున్నారో అడిగి చూడండి.

అయితే దయ కోసం మీ బాబును అక్కడ వేయమని నేను చెప్పను. వేళలు కుదరకపోతే వద్దు. ఇలాంటివి చాలావరకు మధ్యాహ్నానికే మూసేస్తారు. మీరిద్దరూ ఆఫీసులో ఉంటే పన్నెండున్నరకు తీసుకొచ్చేది అత్తగారే. ఆవిడకు మోకాళ్లు నొప్పులైతే, ఆవిడకు ఆ బడి ఇష్టం లేకపోతే రోజూ గొడవే. అందుకని ఆవిడతో వాదించకండి. ఆ గంట కూర్చోవడానికి ఆవిడనే తీసుకెళ్లండి. కథ చెప్పడానికి అమ్మమ్మలు, నానమ్మలు వస్తామంటే కాదనే బడి నేను చూడలేదు. మా బళ్లో ఒక నానమ్మ గారు మొదటివారం గుమ్మం దగ్గరే నిలబడి మనవణ్ణి కాపలా కాశారు. నెల తర్వాత చెవులు మూసుకునే బాబొకడు ఆవిడ చీర కుచ్చిళ్లు పట్టుకుని తప్ప క్లాసులోకి వచ్చేవాడు కాదు. మీ అత్తగారికీ అలాగే అవుతుందని హామీ ఇవ్వలేను. గంట చూశాక కూడా వద్దంటే, ఎందుకో అప్పుడు వినండి. పెద్దవాళ్ల కళ్లకు మనం చూడనివి కొన్ని కనబడతాయి.

నచ్చితే ముందు నెల రోజులకే ఒప్పుకోండి. చాలా చోట్ల కాదనరు. రెండు జతల పాత బట్టలు సంచిలో పెట్టండి, రోజూ తడిసే వస్తాడు. "ఇవాళ ఏం నేర్పారు" అని అడక్కండి, మాటలు రాని పిల్లాడు ఏం చెబుతాడు? టీచర్నే అడగండి: ఇవాళ ఎవరితో ఆడాడు, ఏం కావాలని ఎలా అడిగాడు?

వినికిడి పరీక్షకు ఈ వారంలోనే వెళ్లి రండి. చప్పుడు చెవి నుంచి మెదడుకు చేరుతోందో లేదో చూసే బేరా అనే పరీక్ష చేయాల్సి వస్తే పిల్లాడు నిద్రలో ఉండాలి. అందుకు ముందు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, పొద్దున్నే లేపి తీసుకురమ్మంటారు, దారిలో ఆటోలో నిద్రపోనివ్వొద్దంటారు. కూకట్‌పల్లి నుంచి బోయిన్‌పల్లి దాకా వాణ్ణి మేలుకొలిపి ఉంచే పని వాళ్ల నాన్నకు అప్పజెప్పండి. రిపోర్టు వచ్చాక మళ్లీ రాయండి.